తూర్పు తోవలు (9): దేవుళ్ల కొలువు

ఆగిరిపల్లి రథసప్తమికీ, కలకత్తా దాపున హుగ్లీ ఒడ్డున చైనావాళ్లు చేసుకునే తిరునాళ్లకీ చాలా ఏళ్లలో ఒకే అమావాస్య మూలం. పుష్య బహుళ అమావాస్య వెళ్లగానే మనకు మాఘం మొదలవుతుంది. చైనా కొత్త సంవత్సరం కూడా ఎక్కువసార్లు ఆ అమావాస్యతోనే వస్తుంది. 2024లో వాళ్ల పండగ ఫిబ్రవరి 10న, మన రథసప్తమి ఫిబ్రవరి 16న. 2025లో వాళ్లది జనవరి 29న, మనది ఫిబ్రవరి 4న. రెండేళ్లూ మన సప్తమి వాళ్ల మొదటి నెలలో ఏడో రోజున పడింది. ఆ ఏడో రోజు వాళ్లకు మనుషుల పుట్టినరోజు. న్యూవా అనే దేవత మొదటి రోజు కోడిని, తర్వాత వరసగా కుక్కను, పందిని, గొర్రెను, ఆవును, గుర్రాన్ని చేసి, ఏడో రోజున మనిషిని చేసిందని వాళ్ల కథ. అధికమాసం ఎక్కడ పడుతుందన్న లెక్క తేడా వస్తే ఈ జోడీ తప్పుతుంది. 2026లో రథసప్తమి జనవరి 25న, చైనా కొత్త ఏడు ఫిబ్రవరి 17న.

గత భాగంలో మోటుపల్లి రేవులో, కాకతి గణపతిదేవుడి అభయశాసనం దగ్గర ఆగాం. తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును రాజులే ఊడలాక్కునే కాలంలో, 1244-45 ప్రాంతంలో, పరదేశి వర్తకుడికి ఇచ్చిన మాట అది. ఈసారి వర్తకుణ్ణి పక్కన పెట్టి, అతను వెంట తెచ్చుకున్న దేవుడి సంగతి చూద్దాం. పాతకాలపు చైనా గుడి చూడాలంటే మనవాళ్లు హౌరా రైలెక్కాలి. నూజివీడు స్టేషను ఆ లైను మీదే ఉంది. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి గనక ఆ దారి మనకు కొత్తదేమీ కాదు.

కలకత్తాకు దక్షిణంగా, బజ్‌బజ్ దాటాక, హుగ్లీ ఒడ్డున అచిపూర్ అనే ఊరుంది. ఆ పేరు ఒక మనిషిది. టోంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి 1778 ప్రాంతంలో అక్కడికి వచ్చాడు. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ ఏడాదికి 45 రూపాయల శిస్తు మీద అతనికి 650 బీఘాల భూమి ఇచ్చాడు. ఒక్క పొద్దులో గుర్రమెక్కి ఎంత నేల చుట్టి వస్తే అంతా నీదేనని హేస్టింగ్స్ అన్నట్టు అక్కడ చెప్పుకుంటారు. కంపెనీ దొరలు శిస్తు విషయంలో అంత సరదాగా ఉండేవారంటే నేను నమ్మను. అచ్యూ చెరకు వేయించాడు, పంచదార మిల్లు పెట్టాడు, చైనా నుంచి కూలీలను రప్పించుకున్నాడు. వాళ్లను ఇతరులు ఆశ పెట్టి కలకత్తాకు లాక్కుపోతున్నారని అతను మొర పెట్టుకుంటే, అతని వలసకు సర్కారు అండ ఉందని కంపెనీ ప్రభుత్వం 1781లో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ అండ ఎక్కువ కాలం పనికిరాలేదు. 1783 ముగిసేలోపే అచ్యూ చనిపోయాడు. మిల్లు పోయింది, కూలీలు నగరానికి చేరారు. నది ఒడ్డున గుర్రపు నాడా ఆకారంలో కట్టి ఎర్రరంగు వేసిన అతని సమాధి, దానికి కొంత దూరంలో ఒక చిన్న గుడి మిగిలాయి.

ఆ గుడిలో ఉన్నవి రెండు చిన్న విగ్రహాలు: ఒక ముసలాయన, ఒక ముసలమ్మ. చుట్టుపక్కల బెంగాలీలు ఖుదా, ఖుదీ అంటారు. చైనావాళ్లకు ఆయన తూతీ గోంగ్, ఆమె ఆయన భార్య. ఆ కాస్త నేలకు కావలి దేవుళ్లు.

చైనా గుడి అర్థం కావాలంటే ఈ ముసలాయన దగ్గరే మొదలుపెట్టడం మంచిది. అక్కడ ప్రతి దేవుడికీ ఒక ఉద్యోగం ఉంటుంది. ఉద్యోగానికి హోదా ఉంటుంది, పైన అధికారి ఉంటాడు, కింద బంట్రోతులుంటారు. తూతీ గోంగ్ ఊరి మునసబు లాంటివాడు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరి పొలం ఎండింది అనేవన్నీ ఆయన చిట్టాలోకి వెళ్తాయి. ఆయన పైన చెంగ్‌హ్వాంగ్, అంటే కోటగోడలున్న నగరానికి దేవుడు. నగరంలో కొలువైన మానవ అధికారికి జోడుగా, చచ్చినవాళ్ల వ్యవహారం చూసే అధికారి. ఇంట్లో పొయ్యి దగ్గర ఇంకొక దేవుడుంటాడు. ఏడాది పొడుగునా ఆ ఇంటి గుట్టంతా చూసి, పన్నెండో నెల ఇరవై మూడో రోజునో ఇరవై నాలుగో రోజునో పైలోకానికి వెళ్లి నివేదిక ఇస్తాడు. వెళ్లేముందు ఆయన మూతికి తేనో బెల్లప్పాకమో పూస్తారు, తీపి మాటలే చెప్పాలని. మన చిత్రగుప్తుడికి ఇలాంటి మర్యాద ఎవరైనా చేశారేమో నేను వినలేదు.

ఉద్యోగాలన్నాక బదిలీలూ, పై హోదాలూ, ఊడిపోవడాలూ ఉంటాయి. మింగ్ వంశ స్థాపకుడు హోంగ్‌వూ చక్రవర్తి 1369లో నగరదేవుళ్లకు వరసగా బిరుదులిచ్చాడు. మరుసటి ఏడే, 1370లో, బిరుదులన్నీ రద్దు చేసి విగ్రహాల చోట పేరు రాసిన చెక్క పలకలు పెట్టమన్నాడు. జనం కొన్నాళ్లు ఊరుకుని మళ్లీ విగ్రహాలు తెచ్చుకున్నారు. మన దగ్గర 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాలనూ మునసబులనూ తీసేస్తే ఆ పదవులు తిరిగి రాలేదు. తూతీ గోంగ్ మాత్రం రాజవంశాలు పోయినా, రిపబ్లిక్ వచ్చినా, పని మీదే ఉన్నాడు. దేశం దాటిన కూలీ కొత్త నేల మీద మొదట నిలబెట్టేది ఆయననే. అచిపూర్‌లో జరిగిందీ అదే.

ఆ గుడి ఆవరణలో మూడో దేవుడూ ఉన్నాడు. ఆయన చైనా నుంచి రాలేదు. దక్షిణ్ రాయ్, సుందరవనాల పులిదేవుడు. హేస్టింగ్స్ నాటికి ఆ అడవి ఇప్పటికంటే చాలా పైదాకా ఉండేది. చెరకు తోటల్లో పనిచేసేవాళ్లకు పులి భయం ఉండి తీరాలి. పులిని ఏలేవాడు స్థానికంగా ఉండగా ఆయనకు చోటివ్వకపోతే ఎలా? పైగా చైనావాళ్లకు ఇది వింత కూడా కాదు. ఫూజియన్, తైవాన్ గుళ్లల్లో తూతీ గోంగ్ పీఠం కింద ఒక పులి ఉంటుంది, ఆయన వాహనం. దానికి విడిగా గుడ్లూ మాంసమూ పెడతారు. ఆగిరిపల్లి శోభనగిరి మీది మన స్వామి పేరు వ్యాఘ్ర నరసింహుడు. పేరు కలిసింది గదా అని చుట్టరికం కలపబోను. అడవి అంచున వ్యవసాయానికి దిగినవాళ్లు ఎక్కడివాళ్లయినా పులితో ఏదో ఒక ఒప్పందానికి రావాల్సిందే. ఆ ఒప్పందపు పత్రాలే ఈ గుళ్లు.

అచ్యూ తర్వాత కలకత్తాకు వచ్చిన చైనావాళ్లు తిరెట్టా బజారు చుట్టుపక్కల స్థిరపడ్డారు. కాంటన్ వైపు వాళ్లు వడ్రంగులు, ఓడరేవులో పనిమంతులు. హక్కా జనం చెప్పులు కుట్టారు, తర్వాత తోళ్ల పరిశ్రమకు వెళ్లారు. హూబే నుంచి వచ్చినవాళ్లు పళ్ల వైద్యులు. ప్రతి జట్టూ తన ప్రాంతపు సంఘం పెట్టుకుంది. ఆ సంఘమే గుడి కట్టింది. అందుకే అక్కడి గుడి కింది అంతస్తు సత్రం, సంఘం ఆఫీసు, సాయంత్రం మాజాంగ్ ఆడే చోటు. పై అంతస్తులో దేవుడు. కొత్తగా ఓడ దిగినవాడికి పడక, పని, జబ్బు చేస్తే మందు, పోతే సమాధి, అన్నీ ఆ గుడి పుస్తకంలో పద్దులే. ఇంగ్లీషు జమానాలో ఈ గుళ్లన్నిటికీ చర్చి అనే పేరు స్థిరపడింది. ఇప్పటికీ బోర్డుల మీద అలాగే ఉంది: సీ ఇప్ చర్చి, టూంగ్ ఆన్ చర్చి, నామ్ సూన్ చర్చి. సీ ఇప్ అంటే కాంటన్ దగ్గరి నాలుగు తాలూకాలవాళ్ల గుడి. ఇప్పుడున్న భవనం 1905 నాటిది. పైన గ్వాన్‌యిన్ దేవత, ముందు ధూపం కడ్డీల ఇసుక పాత్ర, పక్కన ఊరేగింపులకు వాడే ఆయుధాల వరస. ఆమె సంగతి తర్వాత. ముందు టూంగ్ ఆన్‌లో కూర్చున్న ఎర్రమొహం దేవుడి దగ్గరికి పోదాం.

ఆ దేవుడి పేరు గ్వాన్ యూ. అతను కల్పిత పాత్ర కాదు. షాన్‌షీ ప్రాంతంలో ఉప్పు చెరువు దగ్గరి ఊళ్లో పుట్టిన మనిషి, లియూ బేయ్ అనే నాయకుడికి అన్నదమ్ముడి వరసలో సేవ చేసిన సేనాని. హాన్ సామ్రాజ్యం కూలి మూడు రాజ్యాలు తన్నుకుంటున్న కాలంలో శత్రువులకు దొరికి 219-220 చలికాలంలో తల పోగొట్టుకున్నాడు. బతికుండగా అతనికి దక్కిన బిరుదు ఒక చిన్న ప్రాంతపు జమీందారు హోదా పాటిది. చచ్చిపోయాకే అతని అసలు ఉద్యోగపర్వం మొదలైంది. పన్నెండో శతాబ్దం తొలి ఏళ్లలో సాంగ్ చక్రవర్తి హుయ్‌జోంగ్ అతన్ని సామంతుణ్ణి చేసి, వెంటనే రాజును చేశాడు. మింగ్ చక్రవర్తి వాన్లీ 1614లో ఏకంగా చక్రవర్తి బిరుదిచ్చాడు, మూడు లోకాల భూతాలను అణచే చక్రవర్తి అని. అంటే చచ్చిపోయిన దాదాపు పద్నాలుగు వందల ఏళ్లకు మనిషి తన రాజునే మించిపోయాడు. లియూ బేయ్‌కు ఇన్ని గుళ్లు లేవు.

ఎందుకింత? యుద్ధంలో గెలిచినవాళ్లు చాలామంది ఉన్నారు, ఇతను చివరికి ఓడిపోయినవాడు. కానీ ఒకసారి శత్రువు చేతికి చిక్కి, మర్యాదలూ కానుకలూ అందుకుని కూడా, అన్న లియూ బేయ్ ఎక్కడున్నాడో తెలియగానే ఆ బంగారమంతా మూటగట్టి సీలు వేసి వదిలి వెళ్లిపోయాడు. మాట మీద నిలబడ్డాడన్న ఆ ఒక్క గుణానికే జనం మొక్కారు. అందుకే అతను వ్యాపారులకు దేవుడయ్యాడు. వందల మైళ్ల దూరంలో ఉన్న భాగస్వామి మోసం చేయడన్న హామీ వాళ్లకు ఉప్పుకంటే ముఖ్యం. షాన్‌షీ వర్తకులే అతని గుళ్లను ఊరూరికీ మోశారు. హాంకాంగ్‌లో పోలీసు స్టేషన్లలోనూ అతని పటం ఉంటుంది, పోలీసులు వెతికే ముఠాల ఇళ్లలోనూ ఉంటుంది. బౌద్ధులు కూడా అతన్ని వదల్లేదు. యూచువాన్ కొండ మీద జీయీ అనే ఆచార్యుడు ఆరో శతాబ్దం చివర మఠం కడుతుంటే గ్వాన్ యూ ప్రేతం కనిపించి దీక్ష తీసుకుందని కథ. అప్పటినుంచి బౌద్ధ మఠాలకు కూడా కావలి ఉద్యోగం అతనిదే.

కారెంపూడి చూసినవాళ్లకు గ్వాన్ యూ కథలో సగం తెలిసినట్టే ఉంటుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చచ్చినవాళ్లకు అక్కడ వీరుల గుడి ఉంది. కార్తీకమాసంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు ఉత్సవం నడుస్తుంది. వీరుల ఆయుధాలను, కొణతాలంటారు, వాళ్ల వంశీకులు ఊళ్ల నుంచి మోసుకొచ్చి ఊరేగిస్తారు. ఆయుధానికి పూజ, ఓడినవాడికి గుడి, రెండుచోట్లా ఒకటే. తేడా ఒకటుంది, అది చిన్నది కాదు. పల్నాటి వీరులకు ఏ కాకతీయ రాజూ, ఏ విజయనగర రాయలూ సర్కారు బిరుదు పంపి దేవుడి హోదా పెంచలేదు. వాళ్లు వీరాచారం పాటించే కులాల దేవుళ్లుగా, పల్నాటి దేవుళ్లుగా మిగిలారు. గ్వాన్ యూ వెనక మాత్రం రాజ్యం నిలబడింది. ఒక దేవుడు జనంలో బాగా పాతుకుపోతే చైనా రాజుల సర్కారు వాడితో పోట్లాడేది కాదు. ఉత్తర్వు తీసి తన కొలువులో చేర్చుకునేది. చేరాక ఆ దేవుడు అందరివాడు, సర్కారువాడు కూడా. నాకు ఇందులో రాజనీతే ఎక్కువ కనిపిస్తుంది, భక్తి తర్వాత.

గుడికి వచ్చినవాడు ఏం చేస్తాడన్నది కూడా చెప్పాలి. కడ్డీలు వెలిగించి దండం పెట్టడం మనకు తెలిసిందే. తర్వాత, అడగదలచింది మనసులో చెప్పుకుని, అంకెలు వేసిన వెదురు పుల్లలున్న గొట్టాన్ని ఒక పుల్ల బయటపడేదాకా ఊపుతాడు. ఆ అంకెకు సరిపడే చీటీలో జవాబు ఉంటుంది. అది నిజంగా దేవుడి జవాబేనా అని ఖాయం చేసుకోవడానికి నెలవంక ఆకారపు రెండు చెక్కలు నేల మీద వేస్తాడు. వాటికి ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే ఔను. రెండూ ఉబ్బు పైకి పడితే కాదు. రెండూ చదును పైకి పడితే దేవుడు నవ్వుతున్నాడని, ప్రశ్న సరిగా అడగమని అర్థం. అధికారికి అర్జీ పెట్టుకోవడం, జవాబు మీద ముద్ర ఉందో లేదో చూసుకోవడం, అంతా ఆఫీసు పద్ధతే.

1962 అక్టోబరు 20న భారత-చైనా సరిహద్దులో యుద్ధం మొదలైంది. దాని దెబ్బ కలకత్తాలోని ఈ గుళ్ల మీద పడింది. అస్సాం, బెంగాల్‌లలో పుట్టి పెరిగిన చైనా కుటుంబాలను, సుమారు మూడు వేల మందిని, రాజస్థాన్‌లోని దేవ్లీ శిబిరానికి రైళ్లలో తరలించారు. కొందరిని ఏళ్ల తరబడి ఉంచారు. బయటికి వచ్చినవాళ్లలో చాలామందికి దుకాణం లేదు, ఇల్లు లేదు. అక్కడినుంచి వలస మొదలై టొరంటో దాకా సాగింది. తోళ్ల పరిశ్రమ ఉన్న టాంగ్రా పేట కొన్నాళ్లు నిలదొక్కుకుంది. 1996లో సుప్రీంకోర్టు కాలుష్యం కారణంగా తోళ్ల కార్ఖానాలను నగరం బయటికి, బాంతలాకు పొమ్మంది. దాంతో అదీ పలచబడింది. ఒకప్పుడు వేలల్లో ఉన్న జనం ఇప్పుడు రెండు వేల ప్రాంతం. అదే టాంగ్రాలో చెట్టు కింద సింధూరం పూసిన రాళ్లకు మొక్కుతూ వచ్చిన చైనా కుటుంబాలు కాళికి గుడి కట్టుకున్నాయి. అక్కడ ప్రసాదం నూడిల్స్. పత్రికలవాళ్లు దీన్ని వింతగా రాస్తారు. అచిపూర్ పులిదేవుణ్ణి చూసినవాళ్లకు వింతేమీ కాదు. ఆ నేలకు ఎవరు కావలో కనుక్కుని వాళ్లకు మొక్కడం వాళ్ల పాత అలవాటు.

ఇక గ్వాన్‌యిన్. చైనా గుళ్లల్లో ఇంతగా ప్రేమ పొందిన దేవత వేరొకరు లేరు, ఆమె పుట్టుక మాత్రం చైనాలో కాదు. బౌద్ధుల అవలోకితేశ్వరుడే ఆమె. కుమారజీవుడు 406లో సద్ధర్మపుండరీక సూత్రాన్ని చైనీయంలోకి తెచ్చాడు. అందులో ఒక అధ్యాయం మొత్తం, ఆపదలో పేరు తలుచుకుంటే చాలు వచ్చి కాపాడే ఈ బోధిసత్వుడి గురించే. ఓడ మునిగేవాడు, దొంగల చేతిలో పడ్డవాడు, సంకెళ్లలో ఉన్నవాడు, బిడ్డ కావాలనుకునే స్త్రీ, ఎవరు పిలిచినా సరే. మొదటి శతాబ్దాల్లో ఆయన మగవాడే. దున్‌హువాంగ్ గుహల చిత్రాల్లో సన్నని మీసం కూడా ఉంటుంది. సాంగ్ కాలానికి స్త్రీ రూపం బలపడింది. హెనాన్‌లోని షియాంగ్‌షాన్ మఠంలో 1100లో చెక్కించిన రాతి మీద ఆమె కథ ఉంది: పెళ్లి వద్దని తండ్రిని ధిక్కరించి సన్యసించిన మియావ్‌షాన్ అనే రాజకుమారి, అదే తండ్రికి తీరని రోగం వస్తే మందు కోసం తన కళ్లూ చేతులూ కోసి ఇచ్చింది. వేయి చేతులు, వేయి కళ్లు ఆమెకు అప్పుడు వచ్చాయట. పరదేశి దేవుడికి కొలువిచ్చేటప్పుడు చైనావాళ్లు ఇలా ఒక పుట్టింటిని కూడా కల్పించి ఇస్తారు.

బౌద్ధం చైనాకు వెళ్లిన ఆ దారికి మన వైపు కొస ఎక్కడుంది? నాగార్జునకొండలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి పద్నాలుగో పాలనా సంవత్సరంలో, అంటే మూడో శతాబ్దంలో, బోధిశ్రీ అనే ఉపాసిక చెక్కించిన శాసనం ఒకటుంది. తామ్రపర్ణి, అంటే సింహళ, ఆచార్యులు ధర్మానికి గెలుచుకున్న దేశాల జాబితా అందులో వస్తుంది. కాశ్మీరం, గాంధారం, తోసలి, వంగం, వనవాసి, యవనం, ద్రమిళం మధ్య చీనా పేరూ ఉంది. కృష్ణ ఒడ్డున, రాతి మీద. నాలుగు వందల ఏళ్ల తర్వాత, 639 ప్రాంతంలో, ఆ చీనా నుంచే హ్యుయాన్ త్సాంగ్ ఈ వైపుకు వచ్చాడు. ఆంధ్రదేశంలో ఇరవైకి పైగా సంఘారామాలూ మూడు వేలకు పైగా భిక్షువులూ ఉన్నారని రాశాడు. రాజధానిగా అతను చెప్పింది వేంగి, అంటే మన జిల్లాలోనే ఉన్న పెదవేగి. అక్కడినుంచి ధాన్యకటక దేశానికి వెళ్లాడు. మఠాలు చాలా ఉన్నా ఎక్కువ పాడుబడ్డాయని, ఇరవై మాత్రం నడుస్తున్నాయని చెప్పాడు. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు. వాళ్లకు తాను మహాయాన శాస్త్రాలు చెప్పాడు. అతనొక్కడే పాఠం చెప్పించుకుపోయాడని అనుకోవడం పొరపాటు.

ధాన్యకటకంలో అతను విన్న కథ చైనా గుడి ద్వారం దాకా వెళ్తుంది. నగరానికి దక్షిణంగా ఒక పెద్ద కొండ. భావవివేకుడనే ఆచార్యుడు, నాగార్జునుడి కారికలకు వ్యాఖ్య రాసిన మహాపండితుడు, రాబోయే బుద్ధుడు మైత్రేయుణ్ణి కళ్లారా చూస్తే గానీ తన సందేహాలు తీరవనుకున్నాడు. అన్నం మాని, నీళ్లు మాత్రం తాగుతూ అవలోకితేశ్వరుడి విగ్రహం ముందు మూడేళ్లు ధారణి జపించాడు. బోధిసత్వుడు కనిపించి, చచ్చి తుషిత స్వర్గంలో పుడితే మైత్రేయుణ్ణి త్వరగానే చూస్తావు గదా అన్నాడు. వద్దు, ఈ దేహంతోనే ఎదురు చూస్తానన్నాడు ఇతను. సరే, ధాన్యకటకం దక్షిణపు కొండలో వజ్రపాణి ఉన్నాడు, ఆయన్ను అడుగు అని చెప్పి బోధిసత్వుడు వెళ్లిపోయాడు. మళ్లీ మూడేళ్ల జపం. వజ్రపాణి చెప్పిన ప్రకారం మంత్రించిన ఆవాలు కొండకు కొడితే బండ తలుపులా తెరుచుకుంది. చుట్టూ ఉన్న జనాన్ని భావవివేకుడు లోపలికి పిలిచాడు. అది విషసర్పాల గుహ అని వాళ్లు జంకారు. ఆరుగురు మాత్రం వెంట వెళ్లారు. బండ మూసుకుపోయింది. ఆ కొండ ఏదన్న దాని మీద పండితులు నూటయాభై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. ఫెర్గూసన్, సూయెల్ వంటివారు బెజవాడ కొండలను చూపించారు. హ్యుయాన్ త్సాంగ్ చెప్పిన ధాన్యకటకం అమరావతి అయితే కొండ అటువైపు వెతకాలి. భావవివేకుడి వ్యాఖ్య మాత్రం దారి తప్పలేదు. హ్యుయాన్ త్సాంగ్ ఇంకా భారతదేశంలో తిరుగుతుండగానే, 630-632 మధ్య, ప్రభాకరమిత్రుడనే భిక్షువు దాన్ని అప్పటి చైనా రాజధాని చాంగాన్‌లో చైనీయంలోకి మార్చాడు.

చైనా బౌద్ధ మఠంలోకి అడుగు పెట్టగానే మొదటి మంటపంలో ఎదురుగా కూర్చునేది ఆ మైత్రేయుడే. భావవివేకుడు చూస్తే పోల్చుకోలేడు. పెద్ద పొట్ట, పగలబడి నవ్వే మొహం, భుజాన గుడ్డసంచి. పదో శతాబ్దం మొదట్లో జెజియాంగ్ వైపు తిరిగిన ఒక దేశదిమ్మరి సన్యాసి, చచ్చేముందు తానే మైత్రేయుణ్ణని చెప్పాడట. అప్పటినుంచి రాబోయే బుద్ధుడికి అతని రూపమే ఖాయమైంది. మన డ్రాయింగు రూముల్లో లాఫింగ్ బుద్ధ పేరుతో ఉన్న బొమ్మ అతనిదే. ధనం వస్తుందని కొంటున్నారు. ఉద్యోగం మారింది.

చివరగా ఒక సముద్రదేవత. ఫూజియన్ తీరంలో మేయ్‌జౌ దీవిలో 960లో పుట్టిందని చెప్పే లిన్ ఇంటి అమ్మాయి, చేపలవాళ్ల ఓడలను తుపాను నుంచి కాపాడేదట. ఇరవై ఎనిమిదేళ్లకు పోయింది. 1123లో కొరియాకు వెళ్లిన రాయబారుల ఓడ గండం గట్టెక్కితే సాంగ్ దర్బారు ఆమె గుడికి పేరుపలక పంపింది. 1281లో మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఆమెను స్వర్గరాణిని చేశాడు. పక్కన ఇద్దరు బంట్లు: వేయి లీల (లీ అంటే చైనా దూరపు కొలత) దూరం చూసేవాడొకడు, గాలి మోసుకొచ్చే చప్పుడంతా వినేవాడొకడు. ఓడ మీద ఇంతకంటే పనికొచ్చే సిబ్బంది ఎవరు? మింగ్ నౌకాదళపతి జెంగ్ హె ప్రతి యాత్రకూ ముందు ఆమెకు మొక్కేవాడు. 1431లో ఆమె మేళ్లన్నీ చెప్పుకుంటూ చాంగ్‌లె రేవులో రాయి పాతించాడు. పుట్టుకతో అతను ముస్లిం. అంతకు ముందు, 1409 తేదీతో, ఇంకొక రాయి చెక్కించి సింహళానికి తెచ్చాడు. 1911లో అది గాలే పట్టణంలో ఒక రోడ్డు కల్వర్టు మీద బోర్లా పడి దొరికింది. దాని మీద మూడు భాషలున్నాయి. చైనీయంలో బుద్ధుడికి, తమిళంలో దేవినువర విష్ణువుకి, పర్షియన్‌లో అల్లాకి కానుకలు. బంగారం, వెండి, పట్టు, నూనెలతో మూడు జాబితాలూ దాదాపు ఒకటే. ఆ రాయి కథ వచ్చే భాగంలో.